మామ్మకి చల్లటి పొగ

బిలాస్‌పూర్ పక్క ఉస్లాపూర్‌లో మా ఇంటికి రంగులు వేయించే ముందు అటక మీది సామానంతా దించవలసి వచ్చింది. మనవరాలు తన్వి నిచ్చెన ఎక్కి ఒక్కొక్కటే అందిస్తుంటే, నేను కింద నిలబడి అందుకుని, ఉంచేవి ఒక పక్క, పారేసేవి ఒక పక్క పెడుతున్నాను. పారేసే కుప్ప ఎంతకీ పెరగడం లేదని తన్వి సణుగుతూనే ఉంది. చివరికి ఒక బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. అక్కడే నిచ్చెన మీద మూత తెరిచి, పాత నేతచీర ముక్కలో చుట్టిపెట్టిన పొగతాగే పైపును బయటికి లాగింది. లావుపాటి కర్ర గిన్నె, దానికి జానెడుకి పైగా పొడుగున్న నల్లటి కాడ.

"అమ్మమ్మా, యే కిస్కా హై? తాతయ్యదా?"

"మీ తాతయ్య బతుకంతా వక్కపలుకు కూడా నమలలేదు. అది మా మామ్మది. మా నాన్నను కన్నతల్లిది."

నిచ్చెన ఊగిపోయేలా నవ్వింది. "ఆడవాళ్ళు పైపు తాగేవాళ్ళా? మజాక్ మత్ కరో అమ్మమ్మా!" అంటూ స్నేహితురాళ్ళకి ఫొటో పంపడానికి ఫోను తీసింది. నేను పైపు లాక్కుని కొంగులో పెట్టుకున్నాను. నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కూడా నాకు కోపం తొందరగానే వస్తుంది, మా వంశంలో ఆడవాళ్ళందరికీ అంతే. ఆ పైపు కోసం నేను ఎండలో ఎంత తిరిగానో, దాని వెనక మామ్మ ప్రాణమే ఎలా వేలాడిందో తెలియని పిల్ల దాన్ని చూసి నవ్వడం నేను సహించలేను. తన్వికి తెలుగు మాట్లాడడం సగమే వచ్చు, చదవడం అసలు రాదు. అయినా ఇది తెలుగులోనే రాస్తున్నాను. నేనే చదివి వినిపిస్తాను. వినక ఎక్కడికి పోతుంది?

అప్పట్లో మేము బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ముందు చిన్న వరండా, వెనక పెరడు, పెరట్లో కుళాయి. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. మా వరసలో సగం ఇళ్ళు శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్ళవే. తెల్లవారేసరికి ఆ వరసంతా ఒకటే వాసన. కుంపట్లలో రాజుకుంటున్న బొగ్గు, నాన్న బట్టల్లోంచి దిగని ఇంజను నూనె, దానికి తోడు చుట్ట. షెడ్డు కూతకన్నా ముందే మామ్మ లేచేది. కుంపటి వెలిగించి, అదే నిప్పుతో చుట్ట ముట్టించి, రెండు దమ్ములు లాగి, చుట్టను తిప్పి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. మావాళ్ళు దాన్ని అడ్డపొగ అంటారు. అలా నోరు మూసుకున్నాక ఇక మామ్మకి రెండు చేతులూ ఖాళీ. బట్టలు ఉతకడం, పిండడం, రుబ్బడం, బియ్యం చెరగడం, బొగ్గుపొడిలో పేడ కలిపి ఉండలు చేయడం, అన్నీ ఆ చుట్ట నోట్లో ఉండగానే జరిగేవి. పెదాల మూలనుంచి సన్నగా పొగ వస్తూ ఉండేది. మాట్లాడవలసి వస్తే పళ్ళ మధ్యనుంచే మాట్లాడేది, అది మా ఇంట్లోవాళ్ళకే అర్థమయ్యేది.

పొగాకు మా ఊరినుంచి వచ్చేది. ఎవరు సెలవు మీద వెళ్ళినా తిరిగి వచ్చేటప్పుడు తడిగోనెలో చుట్టిన ఆకుల కట్ట మామ్మకి తేవాలి, తేకపోతే ఆవిడ వాళ్ళ ఇంటి గడప తొక్కదు. మధ్యాహ్నం వరండాలో కాళ్ళు చాపుకుని ఆకుల మీద నీళ్ళు చిలకరించి, ఈనె తీసి, తొడ మీద చుట్టలు చుట్టేది. ఆవిడ అలా తీరిగ్గా కూర్చోగా నేను చూసింది ఆ ఒక్క పనికోసమే. అది కూడా పనే కదా.

నాతో చదివే బెంగాలీ పిల్లలు, ఇక్కడి పిల్లలు మా ఇంటికి వచ్చేది నాకోసం కాదు. "ఆగ్ ఖానే వాలీ దాదీ"ని చూడడానికి. నిప్పు తినే ముసలమ్మ అని మామ్మకి వాళ్ళు పెట్టిన పేరది. ఒకమ్మాయి క్లాసులో నోట్లో పెన్సిలు పెట్టుకుని మామ్మను వెక్కిరించింది. దాని జడ పట్టుకుని బెంచీకి కట్టేశాను. మాస్టారు ఎండలో నిలబెట్టారు. నిలబడ్డాను గాని, క్షమించమని మాత్రం అడగలేదు.

నేను మెట్రిక్ చదువుతున్నప్పుడు మామ్మ కారం తినలేకుండా అయిపోయింది. మా ఇంట్లో పచ్చిమిరపకాయ లేకుండా ఒక్క ముద్ద దిగనిది ఆవిడకే, అలాంటిది మజ్జిగన్నం తప్ప ముట్టడం లేదు. అమ్మ బలవంతం మీద రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆవిడకి హిందీ సరిగ్గా రాదు కనుక నేను తోడు వెళ్ళాను. బెంగాలీ డాక్టరు, పెద్దమనిషి. టార్చి వేసి మామ్మ నోరంతా చూశారు. నన్నూ చూడమన్నారు. అంగిలి అంతా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలున్నాయి. కాలిన చర్మం అది, చూడగానే తెలిసిపోయింది.

"ఇది ఇంకా రాచపుండు కాలేదు. ఆ నిప్పు నోట్లో పెట్టడం ఆపకపోతే పుండవుతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు. పొగాకే మానెయ్యమని చెప్పు" అన్నారాయన. నేను చెప్పాను.

మామ్మ నోరు మూసుకుని, కొంగుతో తుడుచుకుని, ఆయనకి దణ్ణం పెట్టి లేచింది. బయటికి వచ్చాక నాతో అంది. "ఒలే నీలా, కూడు మానీమను, మానీత్తాను. సుట్ట మానీసి నానెలగ బతుకుతానే?"

మాట అంటే మాటే. అమ్మ ఆకుల కట్ట దాచేస్తే మామ్మ అన్నం మానేసింది. నాన్న కోప్పడితే పక్క క్వార్టర్‌కి వెళ్ళి వాళ్ళ చుట్ట కాల్చి వచ్చింది. నాన్న ఇంజన్లను లొంగదీయగలిగిన మనిషేగాని తల్లిని లొంగదీయలేకపోయాడు. తలుపు దగ్గర కూలబడి ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేను చూడడం అదే మొదలు. భయం వేసింది. నన్ను చిన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది మామ్మే. ఆ నోటితోనే నాకు మాటలు నేర్పింది. ఆ నోరు పుండుపడుతుంటే చూస్తూ ఊరుకునేది లేదని ఆ సాయంత్రమే అనుకున్నాను. డాక్టరు చెప్పిన దాంట్లో నేను పట్టుకున్నది ఒక్కటే. కాలుతున్నది వేడివల్ల. ఆవిడ పొగ మానదు సరే. అయితే ఆవిడ నోట్లోకి వెళ్ళే పొగను నేను చల్లబరుస్తాను.

మొదట చుట్టను తిన్నగా, అంటే నిప్పు బయటికి పెట్టి కాల్చమని బతిమాలాను. ఒకసారి ప్రయత్నించింది. పొగ కళ్ళలోకి వెళ్ళి, బూడిద పప్పులో రాలేసరికి చుట్టను గోడకేసి కొట్టింది. "ఇది మొగోల్ల తాగుడు. పనీ పాటా నేనోల్లకి" అంది.

తర్వాత సుకవారో బాయి గుర్తొచ్చింది. పక్కనున్న తిఫ్రా నుంచి బుట్టలో కూరలు తెచ్చి అమ్మేది. కూరలు అమ్ముడయ్యాక మా మెట్ల మీద కూర్చుని చొంగీ తాగేది. మోదుగాకును గొట్టంలా చుట్టి, వెడల్పు కొసలో పొగాకు కూరి, సన్నటి కొసనుంచి పీల్చడమే చొంగీ అంటే. పచ్చాకు కదా, చల్లగా ఉంటుందని నాకు ఆశ. మామ్మకి ఒకటి చుట్టిమ్మన్నాను. సుకవారో నవ్వుతూ చుట్టి, ముట్టించి, ఒక దమ్ము లాగి చూపించింది. "అయిసనే పీథన్ దాయి" అంది. మేము ఇలాగే తాగుతామమ్మా అని. మామ్మ బుద్ధిగా అందుకుంది, ఒక దమ్ము లాగింది, తలాడించింది. అంతలో చెయ్యి దానంతటదే తిరిగింది. వెడల్పాటి నిప్పు కొస మొత్తం తిన్నగా నోట్లోకి! ఆకు విడిపోయి, నిప్పంతా నాలుక మీద పడింది. మామ్మ పెట్టిన కేక విని కుక్కలు మొరిగాయి. సుకవారో నీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఆ రోజంతా మామ్మ నాతో మాట్లాడలేదు. మాట్లాడడానికి నాలుక ఉంటే కదా.

నేను వదిలిపెట్టలేదు. తిప్పడానికి వీలు లేనిది కావాలి అనుకున్నాను. నోట్లో తలకిందులుగా దూరడానికి వీలు లేనంత పెద్దది.

కాలనీ చివర పెద్ద బంగళాల వైపు ఫ్రాంక్ గారని ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవారు. మెయిలు బండ్లు నడిపి రిటైరయ్యారు. ఆయన ఇంజను మీద నాన్న పనిచేశాడు కనుక నన్ను ఎరుగుదురు. బతుకంతా మావాళ్ళు ఫైర్‌మన్లుగా పక్కన ఉండడంవల్ల ఆయనకి మా తెలుగు వచ్చు, మా యాసతో సహా. వరండాలో గోడకి వరసగా పైపులు తగిలించి ఉండేవి. ఆడపిల్ల వెళ్ళి పైపు అడగడమేమిటని అమ్మ గోలపెట్టింది. నేను స్కూలు నుంచి అటునుంచటే వెళ్ళాను.

చెప్పిందంతా విని ఆయన నవ్వలేదు. అందుకే ఆయనంటే ఇప్పటికీ నాకు గౌరవం. ఒక్కో పైపు తీసి చేతిలో పెట్టారు. "ఇది మట్టిది. చూడ్డానికి ముద్దుగా ఉంటది, పట్టుకుంటే సెయ్యి కాలతది. ఇది పల్చటి కర్ర, రెండు దమ్ములకే ఏడెక్కిపోద్ది. గిన్నె గోడ మందంగా ఉండాల. వేడిని కర్ర తాగాల, నోరు కాదు. కాడ ఎంత పొడుగైతే పొగ దారిలో అంత సల్లబడతది. అచ్ఛా, ఇటు రా" అంటూ తను తాగుతున్న పైపు గిన్నెను నా చెంపకి ఆనించారు. గోరువెచ్చగా ఉంది. "చెంపకి పెట్టుకోలేనంత వేడెక్కితే కింద పెట్టీయాల. అంతే. పైపు తాగడంలో చదువంతా అదే."

నేను రెండు పైపులు ఏరాను. ఒకటి వంపు తిరిగి, నున్నగా మెరుస్తూ చాలా అందంగా ఉంది. రెండోది మొద్దుగా, తిన్నగా, పొడుగు కాడతో ఉంది. రెండూ ముట్టించమని అడిగాను. ఆయన కాసేపు ఇది, కాసేపు అది తాగారు. నేను మార్చి మార్చి చెంపకి పెట్టుకుని చూశాను. అందమైనది అప్పుడే కాలుతోంది. మొద్దుది ఇంకా వెచ్చబడుతోంది. మొద్దుదే కావాలన్నాను.

"మనిషిని చూడకుండా చెప్పులు ఇవ్వం. పైపు కూడా అంతే. మీ మామ్మను తీసుకురా" అన్నారాయన.

మామ్మను ఆ వరండా ఎక్కించడానికి నాకు ఒక వారం పట్టింది. పొగాకు గురించి తెలిసిన మనిషని, మన మాట వచ్చునని, ఆయన పెళ్ళాం పోయి ఒంటరిగా ఉన్నాడని, ఏది పనిచేస్తుందో తెలియక అన్నీ చెప్పాను. చివరిది పనిచేసింది. ఎండుచేపలు వేయించి గిన్నెలో పెట్టుకుని బయలుదేరింది. ఫ్రాంక్ గారు కుర్చీ వేస్తే అందులో కూర్చోకుండా గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"అమ్మా, నిప్పు లోపలికి పెట్టుకోడం ఎలా మొదలెట్టావు?" అని ఆయన అడిగారు. మా ఇంట్లో ఎవరమూ ఏనాడూ అడగని ప్రశ్న అది.

మామ్మ కాసేపు ఎండుచేపల గిన్నె మీద మూత సర్దింది. "ఈడి తండ్రి పోయినాక షెడ్డుకాడ బూడిద మోసీదాన్ని బాబూ. ఇంజన్లలోంచి తీసిన బూడిద. నెత్తిమీద బుట్ట, బుట్టకి రెండు సేతులూ. ఈపుకి ఈడిని కట్టుకునీదాన్ని. సుట్ట బయటికెడితే గాలికి నిప్పురవ్వ ఎగిరి పిల్లోడి మీద పడతది. నోట్లో ఎట్టుకుంటే ఎవులి మీదా పడదు. సేతులు కాళీ ఉంటే కదా పట్టుకోడానికి" అంది.

'ఈడు' అంటే మా నాన్న. ఫిట్టరుగా ఆ షెడ్డులో తలెత్తుకు తిరిగే నాన్న, అదే షెడ్డులో ఆవిడ వీపుకి వేలాడాడని నాకు తెలియదు. ఆ నిప్పు ఎవరికోసం లోపలికి తిరిగిందో కూడా అప్పుడే తెలిసింది.

ఫ్రాంక్ గారు మొద్దు పైపు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. తన పొగాకు కొంచెం కూరి ఇచ్చారు. మామ్మ ఒక దమ్ము లాగి మొహం చిట్లించింది. "ఇది పొగాకా పాయసమా బాబూ?" అని ఆ వాసన పొగాకంతా దులిపేసి, బొడ్డులోంచి సొంత ఆకు తీసి నలిపి కూరింది. ఈసారి రెండు మూడు దమ్ములు లాగింది. "సల్లగానే ఉన్నాదే" అంది చివరికి, నావైపు చూడకుండా. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాని వెంటనే పైపు ఆయనకి తిరిగి ఇచ్చేసింది.

"వద్దు బాబూ. దీన్ని పళ్ళతో పట్టుకోలేను, బరువు. దీనికొక సెయ్యి కావాల. ఆ సెయ్యి నాకెవులిత్తారు? గిన్నెలెవులు తోమీది, పిండెవులు రుబ్బీది?"

"ఆ సెయ్యి నానిత్తాను" అన్నాను. స్కూల్లో నేర్చిన భాషంతా ఎటో పోయి మా భాషే వచ్చింది నోటికి. "సాయంత్రం పనంతా నాది. నువ్వు అడ్డపొగ మాను. పైపు తప్ప ఇంకోటి ముట్టకు."

"పరీచ్చలే గుంటా నీకు."

"పరీక్షలు మళ్ళీ రాస్తాను. నువ్వు మళ్ళీ దొరుకుతావా?"

ఆవిడ పైపు అందుకుంది.

అన్నమాట ప్రకారం స్కూలు నుంచి రాగానే రుబ్బురోలు ముందు కూర్చున్నాను. మామ్మను వరండా మెట్టు మీద కూర్చోబెట్టి, ఎండబెట్టి నలిపిన ఆకు కూరి, పైపు చేతికిచ్చాను. ఆవిడ ఇటూ అటూ చూసింది. రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీర కుచ్చిళ్ళు సర్దింది, గడప తుడిచింది. "కూకుని ఏటి సెయ్యాలే?" అని అరిచింది నాకేసి.

"ఏటీ సెయ్యొద్దు. ఏడెక్కిందేమో సూసుకో" అన్నాను.

మొదట్లో తొందరగా లాగేసేది, పైపు వేడెక్కిపోయేది. అప్పుడు చెంపకి పెట్టుకుని, తిట్టుకుంటూ కింద పెట్టేది. అది చల్లారేదాకా చేసేదేమీ లేక రోడ్డు చూసేది. ఎదురింటావిడ వచ్చి పక్కన కూర్చునేది. డ్యూటీ దిగిన నాన్న తల్లి ఊరికే కూర్చోవడం చూసి, నేను రుబ్బుతుండడం చూసి, బాల్చీ తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మా వరసలో మగవాడు నీళ్ళు పట్టడం అప్పటిదాకా లేదు. ఇరుగుపొరుగువాళ్ళు రెండు రోజులు నవ్వారు, మూడో రోజుకి నవ్వడం మానేశారు. ఉదయం పూట మామ్మకి చుట్ట లేక చిరాకు ఉండేది, పనులన్నీ చప్పుడు చేస్తూ చేసేది. దొంగతనంగా అడ్డపొగ పెట్టిందేమోనని నేను రోజూ పైపు ఇచ్చే ముందు నోరు తెరిపించి వాసన చూసేదాన్ని. రెండుసార్లు దొరికిపోయింది కూడా. పోలీసులకన్నా కనికరం లేకుండా చూశాను. ఆకుల కట్ట ఉన్న పెట్టె తాళంచెవి నా మొలకి కట్టుకున్నాను.

వానలు వెళ్ళాక మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. టార్చి వేసి చాలాసేపు చూశారు. "ఎరుపు పోయింది. తెలుపు తగ్గుతోంది" అన్నారు. ఇంక ఆ పైపు కూడా మానెయ్యమన్నారు. "మానీత్తాను బాబూ, సచ్చినాక" అంది మామ్మ. ఈసారి ఆ మాట నేను హిందీలోకి చెప్పలేదు, ఆయనకి అర్థమైపోయింది. ఆ దారిలోనే బజారులో ఆగి పచ్చిమిరపకాయలు కొనిపించింది. ఇప్పటి డాక్టరైతే పైపుకి ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. కాని మాకు ఆనాడు దొరికిన దారి అది. రోజంతా నోట్లో ఉండే నిప్పు సాయంత్రం ఒక్క పైపుకి దిగింది. ఆ ఒక్కటీ కూడా చివరి రోజుల్లో సగంలోనే ఆరిపోయేది. ఆరిపోయిందని ఆవిడ గమనించేది కాదు. ఎదురింటావిడతో కబుర్లలో ఉండేది. నా పెళ్ళి చూసి, మా వారికి వంకలు పెట్టి, నోటితో ఏ బాధా పడకుండానే వెళ్ళిపోయింది.

తన్వికి ఇదంతా చదివి వినిపించాను. నవ్వలేదు. 'ఆ సెయ్యి నానిత్తాను' అన్న చోట మళ్ళీ చదవమంది. అంతలో గేటు చప్పుడైంది. మా అమ్మాయి సుధ రోజూ బోద్రీ కోర్టులో ఉద్యోగానికి వెళ్ళి ఈ వేళకి వస్తుంది. మా కాలంకన్నా ఇప్పుడు పని తగ్గిందని అందరూ అంటారు. రుబ్బురోలు లేదు, బొగ్గు ఉండలు లేవు, నిజమే. సుధ మాత్రం భుజాన సంచీ తియ్యకుండా, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో గోధుమపిండి పోసింది. రోజూ చూసేదే. నాకు ఆ సాయంత్రమే కనిపించింది.

తన్వి లేచింది. తల్లి చేతి కిందనుంచి పళ్ళెం లాగేసింది. "ఆటా మై గూంథూంగీ. పిండి నేనే కలుపుతా. మీరు వెళ్ళి కూర్చోండి మమ్మీ."

సుధ భయపడింది. "ఏమైందమ్మా దీనికి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కూర్చో" అన్నాను.

"నేను కూర్చుని ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్న నేను ఇంతకుముందు విన్నాను. దానికి సమాధానం నాకు వచ్చు. సంచీ తీయించి, ఫోను లాక్కుని, వరండాలో మెట్టు మీద కూర్చోబెట్టి, కొంగులోంచి మామ్మ పైపు తీసి దాని చేతిలో పెట్టాను.

"ఏమీ చెయ్యొద్దు. ఇది వేడెక్కిందేమో చూస్తూ ఉండు."

ఖాళీ పైపు వేడెక్కదని సుధకి తెలుసు. అయినా వింతగా నావైపు చూసి, దాన్ని పట్టుకుని, రోడ్డు చూస్తూ కూర్చుంది.